పొడి నాకు, మేత వాటికి

మలబద్ధకం గురించి నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గుపడతాం గానీ, హన్మకొండలో ఏ మందుల షాపుకు పోయినా ఇసబ్గోల్ డబ్బా చేతికందేంత దగ్గర్లోనే కనపడుతుంది. ఎవరూ అడగకుండానే అమ్ముడుపోతున్నట్టు! నేనైతే ఏండ్ల తరబడి కొన్నాను. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. పొద్దున ఇంటిపని ముగించుకుని పరుగెత్తుడు, క్లాసుకు క్లాసుకు మధ్య మంచినీళ్లు తాగే తీరిక ఉండదు, తాగితే బాత్రూం సంగతి చూసుకోవాలి కాబట్టి అసలు తాగకుండా ఉండడమే అలవాటైంది. దానికి తోడు థైరాయిడ్. మాత్ర రోజూ వేసుకుంటున్నాను, రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగానే వస్తోంది, కడుపు మాత్రం కదలదు.

చివరికి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పోయాను. మలంలో రక్తం పడుతోందా, ఉన్నట్టుండి బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అని ఒకటొకటిగా అడిగారు. అవేవీ లేవని తేలాక టేబుల్ సొరుగులోంచి ఒక అట్ట తీసి నా ముందు పెట్టారు. దాని మీద ఏడు బొమ్మలు. బ్రిస్టల్ స్కేల్ అంటారట, 1997 నుంచి డాక్టర్లు ఎక్కువగా వాడుతున్నది. ఒకటో బొమ్మ మేక పెంటికల్లాంటి గట్టి ఉండలు, ఏడోది అచ్చం నీళ్లు. నాలుగు దగ్గర ఉంటే మంచిది. నేను మాట్లాడకుండా ఒకటో బొమ్మ మీద వేలు పెట్టాను.

"ఇసబ్గోల్ మానొద్దు మేడం. దాంతోపాటు ప్రీబయోటిక్ ఫైబర్ ఒకటి కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఇసబ్గోల్ మీకోసం, ఇది మీ లోపల ఉన్న బ్యాక్టీరియా కోసం," అన్నారాయన.

మొక్కల గురించి చెప్పుకుని బతికేదాన్ని, ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి పుస్తకాలు తీశాను. రెండూ పీచే. రెండూ మొక్కలవే. కానీ లోపలికి పోయాక వాటి దారులు వేరు. ఇసబ్గోల్ అంటే ప్లాంటాగో ఒవేటా అనే చిన్న మొక్క గింజ మీది పొట్టు. గుజరాత్‌లోని ఉంఝా దాని మార్కెట్‌కు పెట్టింది పేరు. ఆ పొట్టు నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పెద్దగా తినలేవు. అందుకే అది చివరిదాకా నీళ్లను పట్టుకునే ఉంటుంది, మలం మెత్తబడుతుంది.

డాక్టర్ చెప్పిన ప్రీబయోటిక్ ఫైబర్లలో ఒకటైన ఇనులిన్ సంగతి అలా కాదు. ఇది ఎక్కువగా చికోరీ వేరు నుంచి తీస్తారు. అవును, ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీయే. కాకపోతే కాఫీ కోసం వేరును మాడేదాకా వేయిస్తారు కాబట్టి అందులో ఇనులిన్ చాలా మటుకు విరిగిపోతుంది, కాఫీ తాగి కడుపు బాగుపడుతుందని ఆశపడొద్దు. చికోరీది బంతి, చామంతి కుటుంబం. మనం ఏటా బతుకమ్మలో పేర్చే పూలకు దగ్గరి చుట్టం. ఈ కుటుంబంలో చాలా మొక్కలు వేర్లలో, దుంపల్లో పిండిపదార్థానికి బదులు ఫ్రక్టోజ్ అనే చక్కెర గొలుసులను, అంటే ఇనులిన్‌ను, దాచుకుంటాయి. 1804లో జర్మనీలో వాలెంటిన్ రోజ్ అనే ఆయన ఇనులా అనే మొక్క వేరులో మొదటిసారి దీన్ని చూశాడు, ఆ మొక్క పేరే దీనికి వచ్చింది.

అన్నంలోని పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైములు మన నోట్లో, చిన్నపేగులో ఉన్నాయి. ఇనులిన్ గొలుసులో ఒక ఫ్రక్టోజ్‌ను ఇంకో ఫ్రక్టోజ్‌తో కలిపే బంధాన్ని తెంచే ఎంజైము మనిషికి లేదు. దాంతో అది చిన్నపేగు మొత్తం దాటుకుని ఎట్లా పోయింది అట్లాగే పెద్దపేగులో పడుతుంది. అక్కడ బిఫిడో బ్యాక్టీరియాకు ఆ ఎంజైము ఉంది. తినే వాటికి తిండి దొరికింది, పెరుగుతాయి. 1995లో గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి వాటికి ప్రీబయోటిక్ అని పేరు పెట్టారు. పెరుగులో ఉన్నట్టు బతికున్న బ్యాక్టీరియాను మింగడం ఒక పద్ధతి, లోపల ఉన్నవాటికే మేత వేయడం ఇంకో పద్ధతి. ఇది రెండోది. లోపల లేని బ్యాక్టీరియాను ఈ పొడి తెచ్చిపెట్టదు.

షాపులో పొడి ఎంచుకోవడమే ఒక పెద్ద పని అయింది. ముందువైపు అన్ని డబ్బాల మీదా పచ్చటి ఆకులు, 'గట్ హెల్త్' అనే పెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పితేనే అసలు సంగతి. ఒకదాంట్లో మొదటి పేరే మాల్టోడెక్స్‌ట్రిన్. అది పిండిపదార్థాన్ని చిన్న ముక్కలు చేసింది, చిన్నపేగులోనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది, బ్యాక్టీరియా దాకా పోయేది ఏమీ ఉండదు. ఫైబర్ పేరు నాలుగో చోట ఉంది. నారింజ రుచి ఉన్న ఇంకోదాంట్లో చక్కెర. మరొకదాంట్లో పాక్షికంగా విరగ్గొట్టిన గార్ గమ్. ఇది మన గోకరకాయ గింజ నుంచి వచ్చేదే, రాజస్థాన్ ఎండల్లో పండుతుంది, ప్రపంచంలో మనదే ఎక్కువ పంట. అది ఇనులిన్ కంటే నెమ్మదిగా పులుస్తుంది కాబట్టి గ్యాస్ తక్కువని చదివాను. సూడాన్ తుమ్మ జిగురు కలిపిన డబ్బా కూడా ఉంది. నేను చివరికి ఏ రుచీ, ఏ రంగూ కలపని చికోరీ ఇనులిన్ తీసుకున్నాను. వెనకాల ఒకే ఒక్క పేరు ఉన్న డబ్బా అదొక్కటే.

ఈలోగా హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఊరుకోలేదు. "అమ్మా, మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత ఒకసారి టెస్ట్ చేయించుకో. లేకపోతే ఏం మారిందో నీకెట్ల తెలుస్తది?" అని ఆన్‌లైన్‌లో కిట్ బుక్ చేసింది. కంపెనీ పేరు చెప్పను. చిన్న అట్టపెట్టె వచ్చింది. అందులో కమోడ్ మీద పరిచే కాగితం, మూతకే బుల్లి చెంచా అతికించిన ట్యూబు, ట్యూబులో బ్యాక్టీరియా డీఎన్ఏ పాడవకుండా ఉంచే ద్రవం. బఠాణీ గింజంత తీస్తే చాలు, ఎక్కువ వేస్తే ద్రవం సరిపోదని రాసి ఉంది. ట్యూబు బాగా ఊపి, సంచిలో పెట్టి, సంచిని పెట్టెలో పెట్టి సిద్ధం చేశాను. కొరియర్ పిల్లగాడు వచ్చి "ఏమున్నది మేడం ఇండ్ల?" అని అడిగాడు. ల్యాబ్ శాంపిల్ అన్నాను. రక్తమనుకున్నాడు, చాలా జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని పోయాడు.

డాక్టర్ చెప్పిన కొలత ప్రకారం రెండున్నర గ్రాముల దగ్గర మొదలు. థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున వేసుకుంటాను, ఫైబర్ దానికి కనీసం నాలుగు గంటలు దూరం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి సరిగ్గా పట్టదని గట్టిగా చెప్పారు. అందుకే మధ్యాహ్నం మజ్జిగలో కలుపుకునేదాన్ని. ఇనులిన్ కలపడం సులువు. తెల్లగా గ్లూకోజ్ పొడిలా ఉంటుంది, మజ్జిగలో కరిగిపోతుంది, నాలుక చివర కొంచెం తీపి తగులుతుంది. ఇసబ్గోల్ అయితే కలిపిన వెంటనే తాగకపోతే గ్లాసులో గడ్డకట్టి కూర్చుంటుంది.

మొదటి వారం ఏమీ తెలియలేదు. ఐదు గ్రాములకు పోయాక కడుపులో చప్పుళ్లు మొదలయ్యాయి. పది గ్రాములకు పోయాకైతే చెప్పుకోలేని పరిస్థితి. మధ్యాహ్నం తాగితే సాయంత్రానికి పొట్ట ఉబ్బి చీర కుచ్చిళ్లు బిగుసుకుపోయేవి. ఆఖరి పీరియడ్‌లో బోర్డు మీద బొమ్మ గీస్తూ పిల్లల వైపు తిరగాలంటే భయం. స్టాఫ్ రూంలో కిటికీ పక్కన కుర్చీ నాది కాదు, కానీ ఆ రోజుల్లో నేనే కూర్చున్నాను. మా అత్తమ్మ పరకాల నుంచి వచ్చి ఉంది అప్పుడు. రెండు రోజులు చూసి, "గా పొడి తిన్నకాంచి గిట్లనే అయితాంది నీకు. పైసలు పెట్టి కొని గాలి తింటున్నవా బిడ్డా?" అంది.

ఆమె మాటలో నిజముంది. పులియడమంటేనే గ్యాస్. బిఫిడో బ్యాక్టీరియా ఇనులిన్‌ను తిని అసిటేట్, లాక్టేట్ వదులుతాయి. వాటిని ఇంకో రకం బ్యాక్టీరియా, ఫీకాలిబాక్టీరియం, రోజ్‌బురియా లాంటివి అందుకుని బ్యూటిరేట్ తయారుచేస్తాయి. బ్యూటిరేట్ మన పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం. మనం తిన్న దాంట్లోంచి రక్తం తెచ్చే చక్కెర కంటే, పక్కనే బ్యాక్టీరియా వండిపెట్టే ఈ ఆమ్లం మీదే ఆ కణాలు ఎక్కువగా బతుకుతాయి. ఈ పని అంతా జరిగేటప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి, కొందరి పేగుల్లో మీథేన్ కూడా. ఇనులిన్‌తో వచ్చిన చిక్కేమిటంటే అది చాలా తొందరగా పులుస్తుంది. పెద్దపేగు మొదట్లోనే ఒక్కసారిగా గ్యాస్ పుడుతుంది. చిరాకు పేగు జబ్బు, అదే ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఈ ఉబ్బరం నొప్పిగా మారుతుంది. వాళ్లకు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ పడకపోవడానికి కూడా వాటిలో ఇదే జాతి గొలుసులు ఉండడం ఒక కారణం.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే మళ్లీ ఐదు గ్రాములకు దిగమన్నారు. ఇసబ్గోల్ రాత్రికి కాకుండా దీంతోపాటే, అదే పూట తీసుకోమన్నారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత చదివాను. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఇనులిన్ ఒక్కటే ఇచ్చి, ఇసబ్గోల్‌తో కలిపి ఇచ్చి, పొట్టను ఎంఆర్ఐ తీసి చూశారు. 2022లో అచ్చయిన ఆ పనిలో, రెండూ కలిపి ఇచ్చినప్పుడు పెద్దపేగులో గ్యాస్ తక్కువగా కనపడింది. బ్యాక్టీరియా తినని పీచు, తినే పీచు పులియడాన్ని నెమ్మదింపజేస్తోందన్నమాట. నాకు ఐబీఎస్ లేదు, అయినా ఫలితం అలాగే వచ్చింది. చప్పుళ్లు పూర్తిగా పోలేదు గానీ చీర కుచ్చిళ్లు మామూలుగా నిలిచాయి. కిటికీ పక్క కుర్చీ దాని సొంతదారుకు అప్పజెప్పాను.

మెత్తబడటం ఎప్పుడు మొదలైందంటే ఒక్క రోజు పేరు చెప్పలేను. నెల దాటాక ఒక పొద్దున, బాత్రూంలో ఫోన్ చూస్తూ కూర్చునే పని లేకుండా బయటికి వచ్చేశానని గమనించాను. వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే తేదీ పక్కన బ్రిస్టల్ అంకె వేస్తూ వచ్చాను. ఒకట్లు, రెండ్లు పోయి మూడ్లు, అక్కడక్కడ నాలుగు. పాలాయన ఒకసారి ఆ అంకెలు చూసి, "లీటర్లా మేడం ఇవి?" అన్నాడు.

ఇది ఇనులిన్ మహిమేనా? యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో, చికోరీ ఇనులిన్ రోజుకు 12 గ్రాములు తీసుకుంటే విరేచనం సాఫీగా ఉండేందుకు తోడ్పడుతుందని చెప్పుకోవచ్చని ఒప్పుకుంది. నేను తీసుకున్నది అందులో సగం కూడా లేదు. ఇసబ్గోల్ కూడా తోడుంది, నీళ్లు కూడా పెంచాను, బాటిల్ పట్టుకుని క్లాసుకు పోతున్నాను. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం నావల్ల కాదు.

రెండో శాంపిల్ పంపాక వచ్చిన రిపోర్టు చూసి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేసింది. బిఫిడో వాటా మొదటిసారి కంటే బాగా పెరిగింది, ఆకుపచ్చ గుర్తు. 'వైవిధ్యం' అనే చోట స్కోరు కొంచెం తగ్గింది, ఎర్ర గుర్తు. "అమ్మా, వెరైటీ తగ్గిందట, పొడి ఆపేయ్," అని కంగారు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ రిపోర్టులో ఉండేవి వాటాలు, వందలో ఎంత అన్న లెక్క. ఒక రకం పెరిగితే, మిగతావి ఒక్కటి కూడా చావకపోయినా వాటి శాతం తగ్గినట్టే కనపడుతుంది. పైగా ఇనులిన్ మీద మనుషుల్లో జరిగిన పరీక్షల్లో మళ్లీ మళ్లీ కనపడేది ఇదే. బిఫిడో పెరుగుతుంది, మొత్తం వైవిధ్యం పెరగాలనేమీ లేదు. ఒకే రకం మేత వేస్తే దాన్ని తినగలిగేవే పెరుగుతాయి, అందులో వింతేముంది?

ఇంకో సంగతి. మనం పంపేది చివరికి బయటికి వచ్చిన మలం. ఇనులిన్ పులిసేది పెద్దపేగు మొదట్లో. అక్కడేం జరిగిందో ఈ చివర చెప్పేది కొంతే. ఒకే మనిషి మలంలో రోజుకీ రోజుకీ తేడాలు వస్తాయి. అలాంటప్పుడు ముందొకటి, తర్వాతొకటి శాంపిల్ పెట్టుకుని నా పేగులు ఇలా మారాయని రాసుకుంటే మా కాలేజీలో ప్రాక్టికల్ రికార్డు కూడా పాస్ కాదు. రిపోర్టు చివరి పేజీలో 'మీకు తగిన ఫైబర్' అంటూ ఆ కంపెనీ సొంత పొడి బొమ్మ, కొనే బటన్ ఉన్నాయి. నిద్ర, మూడ్, చర్మకాంతి అన్నిటికీ స్కోర్లు కూడా ఇచ్చారు. చర్మకాంతికి నాకు వందకు 61 వచ్చింది, ఫోటో కూడా అడగకుండా. మా అమ్మాయి ఆ పేజీ చదివాక నవ్వి, పొడి ఆపమన్న మాట వెనక్కి తీసుకుంది.

వేసవి సెలవుల్లో పరకాల పోయినప్పుడు డబ్బా హన్మకొండలోనే వదిలేశాను, కావాలనే. అత్తమ్మకు మక్కగట్క చేయడమంటే ఇష్టం. కట్టెల పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే ఒక చేత్తో మక్క రవ్వ సన్నగా జారవిడుస్తూ ఇంకో చేత్తో కలుపుతూనే ఉంటుంది. ఒక్క క్షణం చేయి ఆగితే ఉండలు కడుతుంది. గట్టిపడ్డాక దించి, చల్లారాక మజ్జిగ పోసుకుని, పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తింటాం. ఒకపూట గట్క, ఒకపూట జొన్నరొట్టె, గోకరకాయ కూర, పప్పు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక ప్రకారం వంద గ్రాముల ఎండు మక్కల్లో పీచు 12 గ్రాముల పైచిలుకు, జొన్నల్లో పది, కందిపప్పులో తొమ్మిది. పాలిష్ బియ్యంలో మూడు కూడా లేదు. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు సుమారు 30 గ్రాముల పీచు కావాలని ఆ సంస్థే చెప్తోంది. నేను హన్మకొండలో రెండు పూటలా సోనామసూరి అన్నం తిని, పైన ఐదు గ్రాముల పొడి వేసుకుంటున్నాను. లెక్క వేసుకుంటే లోటు ఎక్కడుందో కనపడుతూనే ఉంది.

అత్తమ్మ మాత్రం దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోతుంది. సద్దన్నం తింటే ఏ రోగమూ రాదని ఆమె నమ్మకం, ఆ నమ్మకాన్ని ఇంకా ఊదరగొట్టే వాట్సాప్ మెసేజీలు మా ఆయన ఫోన్‌కు వారానికొకటి వస్తాయి. అన్నం చల్లారినప్పుడు అందులో పిండిపదార్థం కొంత బిగుసుకుని మన ఎంజైములకు లొంగకుండా పోతుంది, అది బ్యాక్టీరియాకు మేత అవుతుంది. ఇది నిజమే. కానీ ఆ పెరిగేది కొంచెమే. ఎండాకాలం బయట పెట్టిన అన్నం పాడయితే దాంట్లో పెరిగేవి వేరే బ్యాక్టీరియా. అది చెప్తే అత్తమ్మకు కోపం వచ్చింది, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

పొడి లేకుండా పరకాలలో ఉన్నన్నాళ్లూ క్యాలెండర్ అంకెలు మూడు, నాలుగు దగ్గరే నిలిచాయి. నా లోపలి బిఫిడో సంగతి తెలియదు, మూడో శాంపిల్ పంపలేదు. పొడి ఆపితే అవి కొన్ని వారాల్లో పాత స్థాయికి దిగిపోతాయని పరీక్షలు చెప్తున్నాయి. దిగే ఉంటాయి. గట్క, జొన్నల్లో ఉండే రకరకాల పీచుల్ని తినే ఇంకేవో పెరిగి ఉండొచ్చు కూడా. కంపెనీ వాళ్లు మాత్రం మూడో టెస్టుకు తగ్గింపు ఉందని ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నారు.

కాలేజీ తెరిచాక మళ్లీ పొడి మొదలుపెట్టాను, కాకపోతే వారంలో ఇంటి తిండి కుదరని రోజుల్లోనే. పరీక్షల డ్యూటీలు, బస్సు ప్రయాణాలు, పెండ్లి భోజనాలు. మిగతా రోజులు రాత్రికి జొన్నరొట్టె. ఇసబ్గోల్ మానలేదు.

ఈ మధ్య స్టాఫ్ రూంలో ఫిజిక్స్ సార్, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "మేడం, మీరు వాడే పొడి పేరేంది?" అని అడిగారు. పేరు చెప్పకుండా వెనకవైపు లేబుల్ ఫోటో పంపి, ఇలా ఒకే పేరు ఉన్నది కొనండి, మొదట్లో మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే పక్కన పెట్టండి, సగం చెంచాతో మొదలుపెట్టండి, మీకు షుగర్ మాత్రలున్నాయి కాబట్టి ముందు మీ డాక్టర్‌ను అడగండి అని రాశాను. డాక్టర్‌ను అడిగారట, సరేనన్నారట. సగం చెంచా సంగతి మాత్రం ఆయనకు నచ్చినట్టు లేదు. వారం తిరక్కముందే, నేను క్లాసులో ఉండగా మెసేజ్ వచ్చింది: "మేడం, నిండు చెంచాలు రెండు వేసిన. ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్న. పిల్లలందరు ఉన్నరు. ఏం చేయాలె?"

కిటికీలు తెరిపించమని రాశాను.